గడ్డి మందు ఆర్డర్ పెట్టమన్నాడు చిన్నాయన

వినాయక చవితి అయిన రెండో వారం. రాత్రి పదకొండున్నర. అమెరికా క్లయింటుతో కాల్‌లో ఉన్నా. వాట్సాప్‌లో చిన్నాయన వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆయన టైప్ చెయ్యడు. ఏం చెప్పాలన్నా మైకు బొమ్మ నొక్కి మాట్లాడేస్తాడు.

"ఒరే అబ్బోడా, ఫోన్లో మందులు గూడా అమ్ముతుండారంట గదా. గట్ల మీద గడ్డి మోకాలెత్తు పెరిగిపోయిండాది. గడ్డి మందు రెండు లీటర్లు పెట్టు. ఈడ అంగట్లో రేటు ఎక్కువ చెప్తుండారు. డబ్బులు నువ్వు పండక్కొచ్చినప్పుడు ఇస్తాలే."

కాల్ అయిపోగానే ఒక యాప్ తెరిచి వెతికా. గ్లైఫోసేట్. మా ఊళ్ళో అందరూ గడ్డి మందు అనేది దీన్నే. ఫోటో, రేటు, నాలుగు స్టార్లు, రెండు రోజుల్లో డెలివరీ. కార్ట్‌లో వేశా. ఇంక డబ్బు కట్టడమే మిగిలింది.

అక్కడ ఆగిపోయా. నేను పెద్ద పర్యావరణ ప్రేమికుణ్ణని కాదు. బగ్ వస్తే గూగుల్ చెయ్యడం ఉద్యోగ అలవాటు, అంతే. పేరు కొట్టి చదవడం మొదలుపెట్టా. తెల్లారి మూడయింది.

నాకు తెలిసిన మొదటి సంగతి ఇది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. మనుషులకీ పశువులకీ ప్రమాదం ఉందని, గ్లైఫోసేట్‌ని ఇకమీదట పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడకూడదని అందులో ఉంది. సరిగ్గా మరుసటి నెల, అదే కేంద్రం ఇంకో రూలు మార్చింది. లైసెన్సు ఉన్నవాళ్ళు పురుగుమందుల్ని ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చని. ఒక చేత్తో వాడకం మీద తాళం వేసి, ఇంకో చేత్తో ఇంటి గుమ్మం దాకా డెలివరీ తెరిచారన్నమాట.

మా ఆఫీసులో ఇలా రెండు టీములు ఒకరికొకరు చెప్పుకోకుండా రిలీజ్ చేస్తే మేనేజర్ ఊరుకోడు.

సరే, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ అంటే ఎవరు? రూల్స్ ప్రకారం వ్యవసాయంలోనో, కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా సైన్సులోనో డిగ్రీ ఉండాలి. పదిహేను రోజుల శిక్షణ సర్టిఫికెట్ ఉండాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న జాతీయ మొక్కల ఆరోగ్య సంస్థ లాంటి చోట్ల ఆ శిక్షణ ఇస్తారు. మ్యాపులో మా ఊరి చుట్టూ వెతికా. వచ్చినవన్నీ చెన్నై కంపెనీలు. చెదలు, బొద్దింకలు, నల్లులు. వాళ్ళలో ఎవరైనా బూట్లేసుకుని మా చిన్నాయన గట్టు మీదికి వస్తారా అని ఊహించుకుంటే నవ్వొచ్చింది.

శుక్రవారం రాత్రి షిఫ్టు అయ్యాక శనివారం పొద్దున్నే చెన్నైలో మెమూ ఎక్కి సూళ్లూరుపేటలో దిగా.

మా ఊరు తెలియని వాళ్ళకోసం చెప్తా. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. శీతాకాలంలో ఆ రోడ్డుకి రెండు పక్కలా ఫ్లెమింగోలు నిలబడి ఉంటాయి. మీరు ఇన్‌స్టాలో చూసే ఫోటోలు అక్కడివే. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. 2022లో జిల్లాలు విడగొట్టాక ఈ వైపంతా నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. సరస్సుకి పడమటి వైపు చెరువుల కింద వరి. మా చిన్నాయన మూడెకరాల కయ్యలు అక్కడే. ఆ కయ్యల్లో మిగిలిన నీళ్ళు కాలవలో పడి, కాలవ వాగులో పడి, చివరికి పులికాట్‌లోకే చేరతాయి. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

ఇంటికెళ్తే పిన్నమ్మ కాఫీ ఇచ్చింది. చిన్నాయన మొదటి మాట, "మందు తెచ్చినావా?"

"తేలేదు చిన్నాయనా. అది మనం వాడకూడదంట. గవర్నమెంటు రూలు."

ఆయన నవ్వాడు. "ఆ రూలు సంగతి అంగిడోడికి చెప్పినారా?"

తర్వాత నన్ను టీ అంగడి దగ్గరికి తీసుకెళ్ళాడు. "నాతో ఎందుకు, వీళ్ళతో వాదించు" అని బెంచీ మీద కూర్చోబెట్టాడు. నేను వాదించడానికి పోయి, ఎక్కువ భాగం వినే వచ్చా.

మొదట మాట్లాడింది ఐదెకరాల రైతు. మా చిన్నాయన ఈడు. "అబ్బయ్యా, నీ చిన్నతనంలో కలుపు తీసేదానికి పదిమంది ఆడోళ్ళు వరసగా వంగి పాటలు పాడతా పోయేవాళ్ళు. వాళ్ళ బిడ్డలంతా ఇప్పుడు శ్రీసిటీ బస్సు ఎక్కతుండారు. ఏసీలో కూచోని పని చేస్తుండారు. మంచిదే గదా. కానీ నా కయ్యలో కలుపెవరు తీస్తారు? మందు మానమంటే సేద్యం మానమన్నట్టే." ఈ మాటలో నాకు తప్పు కనిపించలేదు. ఊరు వదిలి బస్సెక్కిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

రెండో ఆయన కౌలు రైతు. ఆయనకి ప్రభుత్వం మీద కోపం కంటే విసుగు ఎక్కువ. "నిషేధం అంటే ఏందో నాకు తెలుసు తమ్ముడూ. సీసా బల్ల మీద నుంచి బల్ల కిందకి పోతుంది. రేటు కింద నుంచి పైకి పోతుంది. బిల్లు ఉండదు. అసలో నకిలీనో తెలీదు. పంట పోతే అడిగేదానికి చేతిలో కాయితం ఉండదు." 2018లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు రెండూ గ్లైఫోసేట్ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టాయి. ఈ మందు తట్టుకునే పత్తి విత్తనాలు అనుమతి లేకుండా అమ్ముడవుతుంటే, వాటిని అడ్డుకోవడం అప్పటి ఉద్దేశం. మా వైపు పత్తి లేదు. ఆ ఆంక్షల్లో ఈయనకి గుర్తున్నది మాత్రం ఆ ఏడాది సీసా రేటే.

ఇంతకీ ఈ మందుకి అనుమతి ఎక్కడుంది అని అడిగితే అదో తమాషా. మన దేశంలో గ్లైఫోసేట్‌ని తేయాకు తోటలకీ, పంట వెయ్యని స్థలాలకీ మాత్రమే నమోదు చేశారు. "మరి గట్టు మీద మేం పంట వేస్తామా?" అన్నాడు చిన్నాయన. బెంచీ అంతా నవ్వింది. లాజిక్కులో ఆయన ముందు నేను జూనియర్నే.

మూడో మనిషి అప్పటిదాకా మాట్లాడలేదు. ఆయనకి సెంటు భూమి కూడా లేదు. వీళ్ళందరి కయ్యల్లో ట్యాంకు వీపున వేసుకుని మందు కొట్టేది ఆయనే. నిజంగా చెప్పాలంటే మా ఊరి పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ ఆయనే. డిగ్రీ లేదు, సర్టిఫికెట్ లేదు, బూట్లు లేవు.

"జాగ్రత్తలేం తీసుకుంటావన్నా?" అని అడిగా.

"గాలికి ఎదురు పోను. కొట్టేటప్పుడు బీడీ కాల్చను. మూతికి టవల కట్టుకుంటా. ఇంటికి పోతానే పిల్లోళ్ళని ఎత్తుకోను, ముందు బాయి కాడ నీళ్ళు పోసుకుంటా." కాసేపు ఆగి అన్నాడు, "ట్యాంకు మూత కాడ కారతాది అబ్బయ్యా. లుంగీ తడిసిన రోజు రాత్రంతా మంట. ఆ ట్యాంకు మారిస్తే చాలు. రూలు పెట్టినోళ్ళు గానీ, కంపెనీవోళ్ళు గానీ, వీళ్ళు గానీ నన్ను ఇంతవరకూ అడగలేదు. నువ్వే మొదలు."

బెంచీ మీద ఎవరూ నవ్వలేదు.

ఇక్కడ ఆపి, ఈ మందు గురించి సైన్సు ఏమంటోందో చెప్పాలి. వాట్సాప్‌లో రెండు రకాల ఫార్వార్డులు తిరుగుతుంటాయి. ఒకటి, అది తాకితే క్యాన్సర్. రెండోది, అది ఉప్పు కంటే సేఫ్. రెండూ అంత తేలిగ్గా నమ్మేవి కావు.

గ్లైఫోసేట్ 1974 నుంచి మార్కెట్‌లో ఉంది. మొక్క ఎదగడానికి కావాల్సిన ఒక ఎంజైమును అది ఆపేస్తుంది. ఆ ఎంజైము మనుషుల్లో లేదు. కంపెనీలు చెప్పే ధైర్యం ఇదే. కానీ సీసాలో ఉండేది అదొక్కటే కాదు. మందు ఆకుకి అంటుకోడానికి సబ్బులాంటి పదార్థాలు కలుపుతారు. అలాంటి వాటిలో ఒకదాన్ని యూరప్ 2016లో గ్లైఫోసేట్ మందుల్లో కలపకూడదని నిషేధించింది. అదే యూరప్ 2023లో గ్లైఫోసేట్‌కి మాత్రం ఇంకో పదేళ్ళు అనుమతి పొడిగించింది.

2015 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని '2ఏ' గుంపులో పెట్టింది. అంటే మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేది. అమెరికా పర్యావరణ సంస్థ, యూరప్ ఆహార భద్రతా సంస్థ ఆ మాటతో ఏకీభవించలేదు. ఆ 2ఏ గుంపులో ఇంకేమున్నాయో చూస్తే నాకు గుండె ఝల్లుమంది. వేటమాంసం ఉంది. నైట్ షిఫ్టు ఉద్యోగం ఉంది. అంటే నేను! ఈ గుంపులు సాక్ష్యం ఎంత గట్టిదో చెప్తాయి గానీ, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు. ఎంత ప్రమాదం అనేది ఎంత తాకింది, ఎన్నేళ్ళు తాకింది అన్న దాన్ని బట్టి ఉంటుంది.

అందుకే నాకు ఆ కారే ట్యాంకు మర్చిపోవడం కుదరలేదు. అమెరికాలో ఈ మందు మీద గెలిచిన మొదటి పెద్ద కేసు డ్వేన్ జాన్సన్‌ది. కాలిఫోర్నియాలో స్కూలు ఆవరణల్లో గడ్డి మందు కొట్టే ఉద్యోగి. పని చేస్తుండగా మందు మీద పడి తడిసిపోయిన సందర్భాలున్నాయని కోర్టులో చెప్పాడు. 2018 ఆగస్టులో జ్యూరీ ఆయనకి 28.9 కోట్ల డాలర్లు ఇవ్వాలంది. పై కోర్టు దాకా వెళ్ళేసరికి అది 2.05 కోట్లకి తగ్గింది. తగ్గినా, తడిసిన చొక్కాకి అక్కడొక ధర ఉంది. మా ఊళ్ళో తడిసిన లుంగీకి బావి దగ్గర నాలుగు చెంబుల నీళ్ళు.

టీ అంగడి నుంచి చిన్నాయన కొట్టాం దగ్గరికి వెళ్ళాం. అటక మీద సగం వాడిన సీసాలు. ఒకదాని మీద బ్యూటాక్లోర్ అని ఉంది. నాట్లయిన మూడు నాలుగు రోజులకి ఇసకలో కలిపి కయ్యలో చల్లే మందు. గింజ మొలవకముందే కలుపుని ఆపుతుంది.

"ఇది గూడా నిషేధమని టీవీలో చెప్పినారు గదరా, కరోనా అప్పుడు" అన్నాడు.

ఆయన జ్ఞాపకం కరెక్టే, సగం. 2020 మే నెలలో కేంద్రం 27 మందుల్ని నిషేధిస్తామని ముసాయిదా ఇచ్చింది. అందులో బ్యూటాక్లోర్, పెండిమిథాలిన్, 2,4-డి లాంటి కలుపు మందులు ఉన్నాయి. మూడేళ్ళు కమిటీలు, అభ్యంతరాలు. 2023లో చివరికి ఆ 27లోంచి పూర్తిగా నిషేధించింది మూడింటిని. డైకోఫాల్, డైనోక్యాప్, మెథోమిల్. మూడింటిలో ఒక్క కలుపు మందు కూడా లేదు. ముసాయిదా వార్త ఊరికి చేరింది. తుది ఉత్తర్వు వార్త చేరలేదు. అందుకే రైతు తలలో 'నిషేధం' అనే మాట ఒక పుకారులా మిగిలింది. మూడేళ్ళు పుకారుగా ఉన్న మాట, ఇంకో మందు మీద నిజంగా వచ్చినప్పుడు కూడా పుకారులాగే వినబడుతుంది. చిన్నాయన నా మాటకి నవ్వింది అందుకే.

చట్టం కూడా పాతదే. 1968 నాటి పురుగుమందుల చట్టం. ఆ చట్టం దృష్టిలో గడ్డి మందు కూడా 'పురుగుమందే'. రాష్ట్రానికి ఒక మందు ప్రమాదం అనిపిస్తే 60 రోజులు ఆపగలదు, ఆ తర్వాత నిర్ణయం కేంద్రానిది. దీని బదులు కొత్త చట్టం తేవాలని 2020 మార్చిలో రాజ్యసభలో బిల్లు పెట్టారు. అది స్థాయీ సంఘానికి వెళ్ళింది.

సీసాతో వచ్చిన కరపత్రం విప్పా. ప్రాంతీయ భాషలో కూడా ఉండాలని రూలు. ఉంది, తెలుగులో. అక్షరం చీమ తలకాయంత. ఫోన్‌తో ఫోటో తీసి జూమ్ చేసి చదివా. చేతి తొడుగులు, కళ్ళద్దాలు, గాలి వాటం, ఖాళీ సీసా పూడ్చిపెట్టడం, అన్నీ ఉన్నాయి. మనం యాప్ పెట్టుకునేటప్పుడు కిందికి లాగి 'ఒప్పుకుంటున్నా' నొక్కుతాం చూడండి, అచ్చం అలాంటిది. చదివారా అన్నది ఎవరికీ అక్కర్లేదు. రేపు ఏదైనా అయితే 'మేం రాశాం కదా' అనడానికే.

డబ్బా మీద రంగు త్రికోణం గురించి మాత్రం చిన్నాయనకి తెలుసు. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. "పచ్చది ఏం గాదులే" అన్నాడు. ఈ రంగు ముఖ్యంగా చెప్పేది ఒకేసారి లోపలికి పోతే ఎంత విషమో. పదేళ్ళు రోజూ చర్మానికి తగిలితే ఏమవుతుందో, కాలవలో చేపకి ఏమవుతుందో ఆ రంగు చెప్పదు. నేను చెప్పాక ఆయన ఆ సీసాని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

చేప అన్నాను కదా. సాయంత్రం సరస్సు ఒడ్డున ఉన్న కుప్పానికి వెళ్ళా. అక్కడ వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు మా నాన్నకి తెలుసు. "మీ వరి మందు నీళ్ళు మా దాంట్లోకే గదా వచ్చేది" అన్నాడు, కోపం లేకుండానే. "రొయ్య తగ్గిందంటే మందే అని నేను చెప్పను. ముఖద్వారం పూడిపోవడం ఉంది, ఫ్యాక్టరీలున్నాయి, వానలున్నాయి. కానీ మందు చల్లిన మరుసటి రోజే మడవ తీసి నీళ్ళు వదిలితే ఎట్టా? నాలుగు రోజులు ఆపుకోలేరా?"

బ్యూటాక్లోర్ చేపలకి బాగా విషం. చల్లిన తర్వాత కయ్యలో పలచగా నీళ్ళు నిలబెట్టాలనీ, బయటికి వదలకూడదనీ వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్పేదే. నీళ్ళు ఆపితే మందు కూడా బాగా పనిచేస్తుంది. అంటే ఈ ఒక్క విషయంలో రైతుకి లాభం, చేపకి లాభం ఒకటే. ఇది చిన్నాయనకి ఎవరో ఎప్పుడో చెప్పే ఉంటారు. కానీ చేపల పెద్దాయన మాటగా చెప్తే విన్నాడు.

"సరే, వారం మడవ మూస్తా. వాన వచ్చి గట్టు తెగితే మాత్రం నన్నడగొద్దు."

ఇంక గట్టు మీద గడ్డి. రాత్రి భోజనాలయ్యాక ఫోన్లో లెక్క వేశాం. గడ్డి మందు రెండు లీటర్లు, కొట్టే మనిషి కూలి కలిపి 1,700 రూపాయలు. కొడవలితో కోయిస్తే నలుగురు, రెండు రోజులు, 450 చొప్పున 3,600. గరిక, తుంగ వేరు చావదు కాబట్టి నెలన్నరకి మళ్ళీ కోయాలి. మొత్తం 7,200. మధ్యలో ఇంకో దారి దొరికింది. పెట్రోలుతో నడిచే గడ్డి కోసే మిషన్ పక్క ఊళ్ళో అద్దెకిస్తారు. మనిషి, పెట్రోలు కలిపి ఒకసారికి 2,000, రెండుసార్లకి 4,000.

చిన్నాయన లెక్క చూసి ఒకటే అడిగాడు. "మందుకీ మిషనుకీ తేడా 2,300. అది ఎవరిస్తారు? రూలు పెట్టినోడు ఇస్తాడా? నా వడ్లు కొనేవోడు ఇస్తాడా? నువ్విస్తావా?"

నేనిస్తా అన్నా. ఇచ్చా. నా ఓటీటీలు, ఫుడ్ డెలివరీల ముందు అదేం పెద్ద మొత్తం కాదు. మిషన్ నడిపింది ఆ ట్యాంకు అన్నే. గట్లు నున్నగా అయ్యాయి. ఆదివారం రాత్రి చెన్నై బండెక్కేటప్పుడు కార్ట్‌లోంచి ఆ సీసా తీసేశా.

దీన్ని విజయగాథలా చెప్పాలని నాకు లేదు. వచ్చే ఏడాది నేను ఇవ్వకపోతే చిన్నాయన మళ్ళీ గడ్డి మందే కొంటాడు, అందులో ఆయన తప్పు నాకు కనబడదు. ఊళ్ళో మిగిలిన గట్లకి కొడుకులు, అన్న కొడుకులు డబ్బు పంపరు. ఆ 2,300 చిన్నాయన ఒక్కడే భరించాలంటే, ఆ రూలు చెన్నై బొద్దింకల కంపెనీకి పనికొస్తుంది గానీ మా గట్టుకి పనికిరాదు.

నేను విన్న రైతులెవరూ మందు అమృతం అనలేదు. రూలే వద్దని కూడా అనలేదు. వాళ్ళు అడిగేది వేరే. నిషేధం అంటే బిల్లుతో సహా నిజంగా ఆపండి. బదులుగా ఏం చెయ్యాలో అదే రోజు చెప్పండి. గడ్డి కోసే మిషన్లు రైతు సేవా కేంద్రంలో అద్దెకి పెట్టండి. ఆ పదిహేను రోజుల శిక్షణేదో, రోజూ ట్యాంకు మోసేవాడికి రెండు రోజులైనా ఇవ్వండి. కారని ట్యాంకు ఇవ్వండి.

మొన్న చిన్నాయన నుంచి ఇంకో వాయిస్ మెసేజ్. నాట్లు అయిపోయాయంట, మడవ మూశాడంట. చివర్లో అన్నాడు, "అబ్బోడా, ఆ కొట్టేవోడికి ట్యాంకు మూత కాడ వాషరు పోయిందంట. నీ ఫోన్లో అదేమన్నా దొరుకుద్దేమో చూడు."

దొరికింది. 120 రూపాయలు. ఈసారి ఆర్డర్ పెట్టేశా.